మజిలీ అత్తయ్య మెచ్చిన చోట్లు

మజిలీ అత్తయ్యకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ప్రయాణంలో పొద్దు వాలిందంటే చాలు, బండి ఎక్కడుంటే అక్కడ ఆపించేస్తుంది. ఆపించి ఊరుకుంటే గొడవే లేదు. ఆ చోటు అందం చూసే ఆపించానని ఒట్టేసి మరీ చెబుతుంది. ఆ చోటేమో పెట్రోలు బంకు వెనక గోడ అయి ఉంటుంది, లేకపోతే లారీలు కడిగే షెడ్డు అయి ఉంటుంది.

ఆ పేరు పెట్టింది ఆవిడ తమ్ముడి పిల్లలు. తమ్ముడు ఇన్సూరెన్సు ఏజెంటు, నోరు ఊరుకోని మనిషి. పాలసీలు అమ్మడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆ పేరు కూడా ఉచితంగా పంచిపెట్టి వచ్చాడు. దాంతో ఆవిడ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు సైతం గుమ్మంలో నిలబడి, "మజిలీ అత్తయ్యా, నా చొక్కా అయిందా?" అని కేకేసే రోజులొచ్చాయి. ఆవిడ కుట్టుమిషన్ మీంచి తల ఎత్తకుండా, "అయింది నాయనా, కాజాలు మిగిలాయి" అంటుంది తప్ప పేరు గురించి పల్లెత్తు మాట అనదు.

ఆవిడ భర్త డ్రైవింగు స్కూలు మాస్టారు. ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది ఆయన శిష్యులు. మిగతా సగం మందికి అసలు లైసెన్సు ఎలా ఇచ్చారన్నది ఆయన సందేహం. పెద్ద బండ్లు నేర్పడానికి వాడిన పాత వ్యాను ఒకటి షెడ్డులో పడి ఉంటే, దాని సీట్లు పీకి, మంచం బిగించి, స్టౌ పెట్టి, చిన్న సింకు అమర్చి, కిటికీలకి అత్తయ్య చేత తెరలు కుట్టించి, రెండేళ్ళ కిందట దాన్ని ఇల్లులాంటి బండిగా మార్చారు. శనివారం ఉదయం క్లాసు అయిపోగానే ఇద్దరూ అందులో బయల్దేరతారు. సోమవారం క్లాసుకి తిరిగొచ్చేస్తారు.

ఇంత చేసిన మాస్టారు ఒక్క పొరపాటు చేశారు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చునే మాస్టారి కోసం ఎడం సీటు ముందు రెండో బ్రేకు ఉంటుంది కదా, దాన్ని తియ్యలేదు. ఉంటే పోయేదేముందిలే అనుకున్నారు. ఆ సీట్లో ఇప్పుడు కూర్చునేది అత్తయ్య.

ఒకసారి రోడ్డు పక్కన సిమెంటు పైపులు గుట్టలుగా పోసిన ఖాళీ స్థలం దగ్గర బండి కీచుమని ఆగిపోయింది. సింకులో గిన్నెలు కిందపడ్డాయి. మాస్టారి కళ్ళజోడు ముక్కు మీంచి జారి ఒళ్ళో పడింది.

"ఏమైంది? ఏదైనా అడ్డం వచ్చిందా?" అన్నారాయన గుండె చేత్తో పట్టుకుని.

"లేదండీ. ఆ పైపులు చూడండి, ఎంత బాగున్నాయో! ఈ పూటకి ఇక్కడే ఉందాం."

"పైపులా? పైపుల్లో చూసేదేముంది?"

"అందులోంచి చూస్తే సూర్యుడు ఎంత గుండ్రంగా కనబడుతున్నాడో!"

"సూర్యుడు ఎలా చూసినా గుండ్రంగానే ఉంటాడే!"

"ఉంటాడు. కానీ ఇంత బాగా చుట్టూ ఫ్రేము కట్టి ఎవరు చూపిస్తారు?" అంటూ ఆవిడ అప్పటికే దిగి, మడతకుర్చీలు రెండూ వేసి, స్టౌ వెలిగించి టీకి నీళ్ళు పడేసింది. ఆవిడ నీళ్ళు పడేసిందంటే ఇక చర్చ ముగిసినట్టే.

ఇంకోసారి లారీలు తూచే కాటా దగ్గర మజిలీ. అక్కడి గుమాస్తా పొద్దున్నే లేచి చూసేసరికి కాటా మీద ఒక వ్యాను, కిటికీకి పూల తెరలు. ఆయన అలవాటుకొద్దీ తూకం చూసి, "లోడు ఏంటండీ?" అని అడిగాడు.

"మా ఆవిడ" అన్నారు మాస్టారు నిద్రమొహంతో.

గుమాస్తా కాసేపు ఆలోచించి, "ఆవిడని దింపి మళ్ళీ ఒకసారి తూయించండి, లెక్క తేలుతుంది" అన్నాడు. అత్తయ్య ససేమిరా దిగలేదు. ఆ తరువాత గుమాస్తా చొక్కాకి ఊడిన గుండీలు కుట్టిపెట్టి, ఆయన భార్యకి గౌను కత్తిరింపు నేర్పించి, వాళ్ళింట్లో భోంచేసి మరీ వచ్చింది. ఆవిడ ఆపిన ప్రతి చోటా ఇంతే. టైర్ల షాపువాడు ఇప్పటికీ ఫోన్ చేసి, "అత్తయ్యగారూ, మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అడుగుతాడు. టైర్ల షాపుకి విహారయాత్రకి వెళ్ళిన మనిషి చరిత్రలో ఆవిడ ఒక్కతే.

ఇందులో అసలు విచిత్రం ఏమిటంటే, వాళ్ళు ప్రతిసారీ బయల్దేరేది సముద్రానికి. అత్తయ్య పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. పెళ్ళయిన కొత్తలో మాస్టారు, "నీకు సముద్రం చూపిస్తాను, నా చేతులతో బండి నడిపి తీసుకెళ్తాను" అని మాటిచ్చారు. ఆ తరువాత స్కూలు, శిష్యులు, వాళ్ళ పరీక్షలు, వాళ్ళు గుద్దిన గోడలు, వీటితో జుట్టు తెల్లబడింది. వ్యాను మార్చింది ఆ మాట కోసమే. శనివారం క్లాసయ్యాక బయల్దేరి, చీకటి పడ్డాక ఇంకాస్త దూరం నడిపితే సముద్రం వచ్చేస్తుంది. సరిగ్గా ఆ కాస్త దూరం ముందే అత్తయ్య బ్రేకు తొక్కుతుంది. పోనీ ఆదివారం ముందుకు వెళ్దామా అంటే, చూసి తిరిగొచ్చేది మళ్ళీ చీకట్లోనే. అందుకని పొద్దున్నే బండి వెనక్కి తిప్పేవాళ్ళు.

"బస్సులో వెళ్ళి చూసి రావచ్చుగా బావా?" అన్నాడొకసారి బావమరిది.

"డ్రైవింగు మాస్టారి భార్య బస్సెక్కి వెళ్తుందా? నలుగురూ వింటే నవ్విపోతారు!"

"ఇప్పుడు నవ్వడం లేదనుకుంటున్నావా?"

నిజానికి మాస్టారి దగ్గర ఒక రహస్యం ఉంది. రెండేళ్ళుగా సాయంకాలమైతే ఆయన కళ్ళు మొరాయిస్తున్నాయి. ఎదురుగా వచ్చే బండి దీపాలు పెద్ద పెద్ద పువ్వుల్లా విచ్చుకుంటాయి. రోడ్డు ఎక్కడ అయిపోయి మట్టి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఈత నేర్పే మాస్టారికి నీళ్ళంటే భయమని తెలిస్తే ఆ కొలనులో ఎవరైనా దిగుతారా? అందుకని ఆయన ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం క్లాసులు మానేసి, "కొత్తవాళ్ళకి ఆ వేళ ట్రాఫిక్ మంచిది కాదు" అని బోర్డు పెట్టారు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఆ డాక్టరూ ఆయన శిష్యుడే. డాక్టరుకి తెలిస్తే కాంపౌండరుకి తెలుస్తుంది, కాంపౌండరుకి తెలిస్తే ఊరికి తెలుస్తుంది.

అలాంటి మనిషికి అత్తయ్య పిచ్చి దేవుడిచ్చిన వరమైంది. ఆవిడ బ్రేకు తొక్కిన ప్రతిసారీ పైకి విసుక్కునేవారు. లోపల మాత్రం హమ్మయ్య అనుకునేవారు. ఎవరైనా, "సముద్రం చూశారా మాస్టారూ?" అంటే, "ఏం చెప్పమంటారు, మా ఆవిడ సంగతి తెలుసుగా!" అని చేతులు దులిపేసుకునేవారు. అందరూ నవ్వేవారు, ఆయనా నవ్వేవారు. తప్పు తనది, పేరు ఆవిడది. ఇలా రెండేళ్ళు బండి హాయిగా నడిచింది.

అది ఆగిపోయింది బావమరిది ఇంట్లో. పిల్లవాడి పుట్టినరోజుకి నలుగురూ చేరారు. కేకు కోసిన తరువాత బావమరిది గ్లాసు మీద చెంచాతో కొట్టి ప్రసంగం ఎత్తుకున్నాడు.

"ఇందుమూలంగా అందరికీ తెలియజేసేదేమనగా, మా అక్క కోసం త్వరలో సముద్రాన్నే ఊళ్ళోకి తెప్పిస్తున్నాం. ఎందుకంటే మా అక్క పైపుల్ని చూస్తుంది, టైర్లని చూస్తుంది, సముద్రాన్ని మాత్రం చూడదు. ఆవిడకి నీళ్ళున్న చోటు కంటే నీళ్ళ ట్యాంకరున్న చోటంటే ఇష్టం!"

ఇల్లంతా ఘొల్లుమంది. అత్తయ్య కూడా నవ్వుతూ, "పోరా, నీకేం తెలుసు ట్యాంకరు అందం" అంది. కానీ నవ్వుతూ నవ్వుతూనే లేచి, ఖాళీ పళ్ళేలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెనకాలే మంచినీళ్ళకని వెళ్ళిన మాస్టారికి, గోడకి తగిలించిన సముద్రం బొమ్మ క్యాలెండరు ముందు ఆవిడ కనబడింది. పళ్ళేలు చేతిలోనే ఉన్నాయి. ఆ బొమ్మని ఆవిడ కొత్త గుడ్డ నాణ్యం చూసినట్టు దగ్గరగా వంగి చూస్తోంది.

మాస్టారికి ఆ క్షణంలో తనంటే తనకే అసహ్యం వేసింది. ఈవిడకి సముద్రం ఇష్టమే. అయినా ఏదో పిచ్చి కొద్దీ ఆపుతోంది. నేను ఆ పిచ్చి చాటున నక్కి కూర్చున్నాను. ఈ శనివారం ఆవిడ ఎంత గోల పెట్టినా, కళ్ళు కనబడ్డా కనబడకపోయినా, సముద్రం దగ్గరే ఆపుతాను. ఇలా గట్టిగా అనుకుని, ఇంటికి పోగానే స్పానరు తీసుకుని రెండో బ్రేకు ఊడబీకేశారు.

శనివారం బండి బాగానే సాగింది. పొద్దు వాలింది. అత్తయ్య సీట్లో నిటారుగా కూర్చుంది.

"ఏమండీ, ఆగండాగండి! ఆ ఇటుక బట్టీ చూశారా? ఎంత ఎర్రగా, ఎంత బాగుందో!"

"చూశాను. బాగుంది" అన్నారు మాస్టారు, బండి ఆపకుండా.

అత్తయ్య కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. బ్రేకు లేదు. చెప్పు నేలకి టప్పున కొట్టుకుంది. వంగి చూసింది. ఇంకోసారి తొక్కింది. లేని బ్రేకు ఎన్నిసార్లు తొక్కినా లేనట్టే ఉంది.

"బ్రేకేదండీ?"

"తీసేశాను."

"ఎందుకు?"

"నీకు సముద్రం చూపించాలని."

వెలుతురు పూర్తిగా తగ్గింది. మాస్టారు స్టీరింగు మీదికి వంగారు. ఎదురుగా ఒక పువ్వు విచ్చుకుంది, పక్కనుంచి బుస్సుమంటూ లారీ అయి వెళ్ళిపోయింది. ఆయన వీపు చెమటతో తడిసిపోయింది.

అప్పుడు అత్తయ్య కబుర్లు మొదలుపెట్టింది.

"అబ్బ, ఎడమవైపు ఆ తెల్లగీత ఎంత ముచ్చటగా ఉందండీ! మనకి కాస్త ఎక్కువ దగ్గరగా ఉంది, అదొక్కటే లోటు."

మాస్టారు కాస్త కుడికి జరిపారు.

"ఇప్పుడు ఇంకా బాగుంది. ముందు ఎవరో సైకిలాయన వెళ్తున్నాడు పాపం. లైటు లేదు. ఏం నీలం చొక్కానో, బాగా కుట్టారు. నెమ్మదిగా చూసుకుంటూ వెళ్దాం, మంచి కుట్టు."

మాస్టారు వేగం తగ్గించారు. పక్కనుంచి సైకిలు నీడలా జారిపోయాక గానీ ఆయనకి అది కనబడలేదు.

"ముందు మలుపు ఎంత ఒయ్యారంగా ఉందో చూశారా? కుడికి తిరుగుతుంది... ఇంకాస్త కుడికి... అమ్మో, ఇంకాస్త ఒయ్యారం... ఆఁ, చాలు చాలు, ఇక తిన్నగా."

మలుపు తిరిగాక మాస్టారికి తల తిరిగింది. ముప్పై ఏళ్ళుగా తను శిష్యులకి చెప్పే మాటలే ఇవి. కాకపోతే తను తిట్లు కలిపి చెబుతారు, ఈవిడ పొగడ్తలు కలిపి చెబుతోంది. రోడ్డు పక్కన మూసేసిన పంచరు షాపు ముందు దీపం వెలుగుతోంది. ఆ వెలుగులోకి బండి నెమ్మదిగా తీసి, ఇంజను ఆపేశారు.

"నీకు తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"నాటకాలాడకు. ఎప్పట్నుంచి తెలుసు?"

అత్తయ్య వేళ్ళతో ఒళ్ళో బట్ట మడతలు సరిచేసుకుంది. "మీరు మనింటి గేటుని గుద్ది, దిగి గేటుని తిట్టారే, ఆ సాయంత్రం నుంచి. గేటు ఎప్పుడూ ఉండే చోటే ఉంది కదండీ, మీకెందుకంత కోపం వచ్చిందా అని ఆలోచించాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పలేదుగా! డ్రైవింగు మాస్టారికి కళ్ళు ఆనడం లేదని భార్య చెప్తే బాగుంటుందా? మీ అంతట మీరే చెప్తారని చూశాను. ఈలోగా చీకట్లో మీరు నడపకుండా ఉంటే చాలనుకున్నాను."

"అంటే ఆ పైపులు, కాటా, టైర్ల షాపు..."

"ఆ వేళకి ఏది కనబడితే అదే బాగుందన్నాను. ఏం చెయ్యను, ఒక్కోసారి పొగడడానికి ఏమీ దొరికేది కాదు. లారీలు కడిగే షెడ్డు గురించి ఏం చెప్పాలో నాకు నిజంగా తోచలేదు, తెలుసా? ఆ పైపుల దగ్గర సూర్యుడు మాత్రం బాగున్నాడండీ, అది అబద్ధం కాదు."

"అందరూ నిన్ను చూసి నవ్వారే!"

"నవ్వితే నాకేం అరిగిపోయిందా? మిమ్మల్ని చూసి నవ్వితే మీరు స్కూలు మూసుకుని కూర్చుంటారు. అప్పుడు రోజంతా ఇంట్లో ఉండి నాకు కుట్టుమిషన్ నడపడం నేర్పిస్తారు. అది నా వల్ల కాదు."

మాస్టారికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో దగ్గొచ్చింది. ఆవిడ నీళ్ళసీసా ఇచ్చింది. తాగి, "సరే, ఈ రాత్రికి ఈ పంచరు షాపు బాగుందనుకుందాం. నావల్ల కాదు ఇక" అన్నారు. ఆ మాట పైకి అన్నది ఆయన జీవితంలో అదే మొదలు.

"ఇది బాగాలేదు" అంది అత్తయ్య. "దిగి ఇటు రండి. నేను నడుపుతాను."

"నువ్వా?"

ఆవిడ బట్టలు కొలిచే టేపూ, కత్తెరా ఉండే సంచీలోంచి లైసెన్సు తీసి చూపించింది. నెల కిందట వచ్చింది. మాస్టారు దీపం వెలుగులో దాన్ని ముక్కుకి ఆనించుకుని చదివారు. ఈ వ్యానుకి కూడా పనికొచ్చేదే.

"ఎవరు నేర్పారు?" అన్నారు.

"అది... మనకి పోటీగా పెట్టిన స్కూల్లో."

కళ్ళ సంగతి తెలిసిపోయినప్పుడు కూడా ఆయనకి ఇంత దెబ్బ తగల్లేదు. "పోటీ స్కూలా! వాడి దగ్గరా! వాడికి క్లచ్చంటే ఏమిటో నేర్పింది నేనే కదే!"

"అందుకే బాగా నేర్పాడు. ప్రతి మాటకీ 'మా మాస్టారు ఇలా చెప్పేవారు' అంటాడు. మీకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను."

"నన్నే అడగొచ్చుగా?"

"మీరు నేర్పితే మీరు తిట్టే తిట్లకి నేను పుట్టింటికి వెళ్ళిపోయేదాన్ని."

ఇందులో అబద్ధం లేదని మాస్టారికి తెలుసు. కిక్కురుమనకుండా దిగి ఇటువైపు వచ్చి కూర్చున్నారు. అత్తయ్య సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, రెండువైపులా చూసి బండి రోడ్డెక్కించింది. గేరు మారిన చప్పుడు కూడా వినబడలేదు. లోపం ఎక్కడ దొరుకుతుందా అని మాస్టారు చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. దొరకలేదు. ప్రతి మలుపు దగ్గరా ఆయన కుడికాలు తనంతట తనే నేలని తొక్కుతోంది. బ్రేకు ఎందుకు ఊడబీకానా అని లోలోపల ఏడ్చారు.

"క్లచ్ మీద కాలు పెట్టి ఉంచకు" అన్నారు ఉండబట్టలేక.

"పెట్టలేదండీ."

"పెడతావేమోనని ముందే చెప్పాను."

దారిలో ఆయన ఫోను మోగింది. బావమరిది. ప్రతి శనివారం ఆ వేళకి ఫోన్ చేసి, ఏ చోట ఆగారో కనుక్కుని, ఇంట్లోవాళ్ళకి చెప్పి నవ్వించడం అతనికి అలవాటు.

"ఏం బావా, ఈ వారం ఏ గోడౌను?"

"ఆగలేదురా. సముద్రానికి వెళ్తున్నాం."

"అక్క ఆపలేదా?"

"మీ అక్కే నడుపుతోంది." మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఒరేయ్, విను. మీ ఇంట్లో వాళ్ళందరికీ వినబడేట్టు పెట్టు. నాకు చీకట్లో కళ్ళు కనబడవు. రెండేళ్ళయింది. ఆ సంగతి బయటపడకూడదని మీ అక్క ఆ పైపుల్నీ, టైర్లనీ మెచ్చుకుంటూ వచ్చింది. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఈలోగా నవ్వాలనుకున్నవాళ్ళు నన్ను చూసి నవ్వండి."

అత్తయ్య రోడ్డు మీంచి చూపు తిప్పలేదు గానీ, "ఎందుకండీ అవన్నీ ఇప్పుడు" అని గొణిగింది. ఫోన్లో బావమరిది, "అక్కా, జాగ్రత్తగా నడుపు" అని మాత్రం అన్నాడు. మాటల మనిషి ఆ పూటకి అంతకంటే ఒక్క మాట అనలేకపోయాడు.

బండి ఆగిన చోట రోడ్డు అయిపోయింది. అక్కడ ఒక్క దీపమూ లేదు, ఆకాశంలో చందమామ లేడు. ఉప్పగాలి, హోరు, అంతే. ఇద్దరూ దిగారు. చెప్పులు విడిచి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, చల్లటి ఇసకలో తడుముకుంటూ నాలుగడుగులు వేశారు.

"ఏం కనబడుతోందే?" అన్నారు మాస్టారు ఆత్రంగా. "చెప్పు, ఇందాక రోడ్డుని చెప్పినట్టు చెప్పు."

అత్తయ్య కళ్ళు చిట్లించి అటూ ఇటూ చూసింది. "ఏమీ కనబడటం లేదండీ. నలుపు. అంతా ఒకటే నలుపు."

"నిజంగా? నీక్కూడా?"

"నాక్కూడా."

మాస్టారు పకపకా నవ్వేశారు. రెండేళ్ళలో చీకట్లో ఆయన అలా నవ్వింది లేదు. ఇంతలో ఎక్కడినుంచో ఒక అల చప్పుడు లేకుండా వచ్చి ఇద్దరి పాదాలనీ ముంచెత్తింది. అత్తయ్య చిన్నపిల్లలా కెవ్వుమని అరిచి ఆయన భుజం పట్టుకుంది.

"ఇదేనా?" అంది.

"ఇదే."

"మరి ఎలా ఉందో చూడాలిగా!"

"తెల్లారితే కనబడుతుంది" అన్నారు మాస్టారు. "ఇద్దరం చూద్దాం."